భాగం 9: స్వేచ్ఛాజీవులైన సముద్ర నిమటోడ్‌లు – నిర్మాణం, వర్గీకరణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఆవాసం, పరిమాణం
9.3 శరీర కుడ్యం, చలనం
9.4 జ్ఞానాంగాలు
9.5 ఆస్యకుహరం, జీర్ణవ్యవస్థ
9.6 విసర్జన, పుచ్ఛగ్రంథులు
9.7 ప్రత్యుత్పత్తి
9.8 కొలతలు: డి మాన్ నిష్పత్తులు
9.9 వర్గీకరణ
9.10 గుర్తింపు ఎందుకు అవసరం?
9.11 సారాంశం
9.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• సముద్ర నిమటోడ్‌ల సాధారణ నిర్మాణాన్ని వివరించగలుగుతారు.
• ఆస్యకుహరం నిర్మాణాన్ని బట్టి జీవి ఆహారపు అలవాటును అంచనా వేయగలుగుతారు.
• ఆంఫిడ్, అవభాసిని, అండాశయం లక్షణాల ఆధారంగా ముఖ్యమైన క్రమాలను వేరుచేయగలుగుతారు.
• నిమటోడా వర్గీకరణ ఎందుకు మారిందో కారణాలతో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

నిమటోడ్ అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది ఏలికపాము. పాఠశాల స్థాయి నుంచి డిగ్రీ వరకు నిమటోడా వర్గానికి ఉదాహరణగా ఆస్కారిస్‌నే చదువుతాం. ఆ తరవాత కొంకిపురుగు, బోదకాలు వ్యాధిని కలగజేసే ఉకరేరియా వస్తాయి. ఇవన్నీ పరాన్నజీవులు. అందువల్ల ‘నిమటోడ్ అంటే పరాన్నజీవి’ అనే అభిప్రాయం తెలియకుండానే స్థిరపడిపోతుంది.

ఈ అభిప్రాయం సరైంది కాదు. సముద్రపు అడుగున ఉన్న బురదలో, తీరపు ఇసుకలో, మడ అడవుల మట్టిలో, సముద్రపు నాచు మీద ఏ ఆతిథేయి అవసరం లేకుండా స్వేచ్ఛగా జీవించే నిమటోడ్‌లు వేల జాతులు ఉన్నాయి. సంఖ్యలో చూస్తే సముద్రపు అడుగున ఉండే బహుకణ జీవుల్లో ఇవే అత్యధికం. చాలా చోట్ల ఒక చదరపు మీటరు బురదలో పది లక్షల నుంచి కోటి వరకు ఉంటాయి.

ఆస్కారిస్‌ను మాత్రమే చదవడం వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. స్త్రీ ఆస్కారిస్ 20 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుండే, పేగులో బతకడానికి అలవాటుపడిన జీవి. దానిలో కనిపించే విశాలమైన మిథ్యాశరీరకుహరం, ‘హెచ్’ ఆకారపు విసర్జక నాళాలు, దాదాపు కనిపించని జ్ఞానాంగాలు మొత్తం వర్గానికి వర్తించే లక్షణాలు కావు. సముద్ర నిమటోడ్‌లో పరిస్థితి దీనికి చాలావరకు భిన్నంగా ఉంటుంది. కాబట్టి ఈ భాగంలో ప్రతి వ్యవస్థనూ మీకు తెలిసిన ఆస్కారిస్‌తో పోల్చుకుంటూ చదవండి.

9.2 ఆవాసం, పరిమాణం

సముద్ర నిమటోడ్‌లలో ఎక్కువ జాతుల పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. వెడల్పు ఒక మిల్లీమీటరులో కొన్ని వందల వంతులే. దారం లాంటి ఈ రూపం వల్లనే గ్రీకు భాషలో దారం అని అర్థం వచ్చే మాట నుంచి ఈ వర్గానికి పేరు వచ్చింది.

1 లేదా 0.5 మిల్లీమీటరు రంధ్రాలున్న జల్లెడ గుండా జారిపోయి, సుమారు 0.04 నుంచి 0.06 మిల్లీమీటరు రంధ్రాలున్న జల్లెడ మీద నిలిచిపోయే అడుగు జంతువులను మియోఫానా అంటారు. ఈ పదాన్ని 1942లో మోలీ మేర్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టింది. మియోఫానాలో సాధారణంగా సగానికి పైగా నిమటోడ్‌లే ఉంటాయి. వాటి తరవాతి స్థానం ఎక్కువగా హార్పాక్టికాయిడ్ కోపిపాడ్‌లది.

బంగాళాఖాతంలో ఈ జీవుల అధ్యయనం కొత్తదేమీ కాదు. ఢాకాలో పనిచేసిన రిచర్డ్ టిమ్ 1961లో బంగాళాఖాతపు సముద్ర నిమటోడ్‌ల గురించి విస్తృతమైన పత్రం ప్రచురించాడు. దాదాపు అదే కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన గణపతి, చంద్రశేఖరరావు వాల్తేరు తీరంలో ఇసుకరేణువుల మధ్య నివసించే సూక్ష్మజంతువులను పరిశీలించారు.

9.3 శరీర కుడ్యం, చలనం

నిమటోడ్ శరీరాన్ని ఒక గొట్టంలో ఇమిడిన మరో గొట్టంగా ఊహించుకోవచ్చు. బయటి గొట్టం శరీర కుడ్యం, లోపలి గొట్టం ఆహారనాళం. శరీర కుడ్యంలో మూడు పొరలు ఉంటాయి.

అ) అవభాసిని: ఇది ప్రధానంగా కొల్లాజెన్ ప్రోటీన్‌తో ఏర్పడిన నిర్జీవ పొర. దీన్ని కింద ఉన్న బాహ్యచర్మం స్రవిస్తుంది. జీవితకాలంలో నాలుగుసార్లు నిర్మోచనం జరుగుతుంది. కొన్ని జాతుల్లో అవభాసిని నున్నగా ఉంటుంది. కొన్నింటిలో అడ్డంగా వలయాలు, మరికొన్నింటిలో వరసలుగా చిన్న చుక్కలు కనిపిస్తాయి. డెస్మోస్కోలెక్స్‌లో మట్టిరేణువులు అంటుకుని మందమైన కట్లలాంటి వలయాలు ఏర్పడతాయి. స్టిల్బోనిమాటినే ఉపకుటుంబం జీవుల అవభాసిని పైన గంధకాన్ని ఆక్సీకరణం చేసే బాక్టీరియాలు ఒక తొడుగులా పెరుగుతాయి. అవభాసిని అలంకరణ వర్గీకరణలో చాలా ఉపయోగపడుతుంది.

ఆ) బాహ్యచర్మం: దీన్నే అధశ్చర్మం అని కూడా అంటారు. ఇది పలుచని పొర. పృష్ఠ, ఉదర, రెండు పార్శ్వ భాగాల్లో మాత్రం లోపలికి ఉబ్బి నాలుగు పట్టీలుగా ఏర్పడుతుంది. ప్రధాన నాడులు పృష్ఠ, ఉదర పట్టీల వెంట సాగుతాయి.

ఇ) కండర పొర: పట్టీల మధ్య ఉన్న నాలుగు భాగాల్లో ఆయత కండరాలు మాత్రమే ఉంటాయి. వలయ కండరాలు లేవు. సాధారణంగా జంతువుల్లో నాడులు కండరాల దగ్గరికి వెళ్తాయి. నిమటోడ్‌లో కండరకణాలే తమ పోగులను నాడి దగ్గరికి చాపుతాయి.

వలయ కండరాలు లేకపోవడం వల్ల నిమటోడ్ వానపాములాగా సాగి, కుంచించుకుని కదలలేదు. లోపలి ద్రవపీడనం, సాగని గట్టి అవభాసిని, ఆయత కండరాలు కలిసి పనిచేస్తాయి. పృష్ఠ భాగపు కండరాలు సంకోచించినప్పుడు ఉదర భాగపు కండరాలు సాగుతాయి. ఇది ఒకదాని తరవాత ఒకటిగా జరగడం వల్ల శరీరం పృష్ఠ–ఉదర తలంలో అలలుగా వంగుతుంది. ఇసుకరేణువుల మధ్య ఆనడానికి చోటు ఉన్నప్పుడు ఈ కదలిక జీవిని ముందుకు తీసుకుపోతుంది. ఖాళీ నీటిచుక్కలో వేస్తే అదే జీవి ఉన్నచోటనే కొట్టుకుంటుంది. డ్రాకోనిమాటిడే కుటుంబం జీవులు మాత్రం అతుక్కునే గొట్టాల సాయంతో జలగలాగా వంపు తిరుగుతూ నడుస్తాయి.

మిథ్యాశరీరకుహరం ఆస్కారిస్‌లో విశాలంగా ఉంటుంది. చిన్న సముద్ర జాతుల్లో అది చాలా తగ్గిపోయి, శరీర కుడ్యానికి, పేగుకు మధ్య సన్నని సందుగానే మిగులుతుంది. శ్వాసాంగాలు, రక్తప్రసరణ వ్యవస్థ లేవు. శరీరం సన్నగా ఉండటం వల్ల ఆక్సిజన్ వ్యాపనం ద్వారానే లోపలికి చేరుతుంది.

9.4 జ్ఞానాంగాలు

ఆస్కారిస్‌కు, సముద్ర నిమటోడ్‌కు మధ్య స్పష్టమైన తేడా ఇక్కడే కనిపిస్తుంది. తల భాగంలో జ్ఞానాంగాలు మూడు వలయాలుగా అమరి ఉంటాయి: లోపలి పెదవుల అంగాలు 6, బయటి పెదవుల అంగాలు 6, శీర్ష శూకాలు 4. ఈ అమరికను 6+6+4 అని రాస్తారు. చాలా జాతుల్లో రెండో, మూడో వలయాలు ఒకే వలయంలో కలిసిపోతాయి. అప్పుడు దాన్ని 6+10 అని రాస్తారు. ఇవి పొడవుగా ఉంటే శూకాలు, పొట్టి బొడిపెలుగా ఉంటే సూక్ష్మాంకురాలు అంటారు. శరీరం పొడవునా కూడా శూకాలు ఉండవచ్చు.

తలకు రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున ఆంఫిడ్‌లు ఉంటాయి. ఇవి రసాయన గ్రాహకాలు. పరాన్నజీవుల్లో ఇవి సూది మొనంత రంధ్రాలు మాత్రమే. సముద్ర జాతుల్లో పెద్దవిగా, విభిన్న ఆకారాల్లో ఉంటాయి: సంచి లేదా జేబు ఆకారం, సర్పిలం, వృత్తం, కొక్కెం లేదా ఉచ్చు ఆకారం, పొడవాటి చీలిక. గుర్తింపులో మొదట చూడవలసిన లక్షణం ఇదే. దీన్ని స్పష్టంగా చూడటానికి 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ వస్తుకటకం అవసరమవుతుంది.

థొరాకోస్టోమా వంటి కొన్ని ప్రజాతుల్లో గ్రసని ప్రాంతంలో రంగుతో కూడిన నేత్రబిందువులు ఉంటాయి. ఎనోప్లిడా క్రమం జీవుల్లో పార్శ్వ భాగాల వెంట మెటానీమ్‌లు అనే సన్నని నిర్మాణాలు ఉంటాయి. శరీరం ఎంత సాగిందో, ఎంత వంగిందో ఇవి గ్రహిస్తాయని భావిస్తారు.

గ్రసనిని చుట్టి ఉండే నాడీవలయమే కేంద్ర నాడీవ్యవస్థలో ముఖ్యభాగం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. నిమటోడ్ వానపాములాగా ఎందుకు కదలలేదు?
2. 6+10 అమరిక అంటే ఏమిటి?

9.5 ఆస్యకుహరం, జీర్ణవ్యవస్థ

నోటి వెనక ఉండే ఆస్యకుహరం ఆకారాన్ని బట్టి ఆహారపు అలవాట్లను అంచనా వేయవచ్చని 1953లో వోల్ఫ్‌గాంగ్ వీజర్ సూచించాడు. ఆయన నాలుగు సమూహాలను గుర్తించాడు.

1ఎ – ఎంపికచేసి తినే నిక్షేపభక్షకాలు: ఆస్యకుహరం ఉండదు లేదా అతి చిన్నది. బాక్టీరియా వంటి సూక్ష్మ కణాలను పీల్చుకుంటాయి. ఉదా: హలలైమస్, టెర్షెల్లింజియా.
1బి – ఎంపిక లేని నిక్షేపభక్షకాలు: ఆస్యకుహరం పెద్దది, దంతాలు ఉండవు. పెద్ద కణాలను కూడా మింగగలవు. ఉదా: డాప్టోనిమా, సబాటియేరియా.
2ఎ – ఉపరితల భక్షకాలు: చిన్న దంతాలు ఉంటాయి. ఇసుకరేణువులకు అంటుకున్న డయాటమ్‌లను గీకి, లేదా వాటి కవచాన్ని ఛేదించి లోపలి పదార్థాన్ని పీలుస్తాయి. ఉదా: క్రోమడోరా, డెస్మడోరా.
2బి – పరభక్షకాలు, సర్వభక్షకాలు: పెద్ద దంతాలు లేదా కదిలే దవడలు ఉంటాయి. ఉదా: మూడు దంతాలున్న ఆంకోలైమస్, మూడు దవడలున్న ఎనోప్లస్.

ఈ పద్ధతి సులభమైంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే నోటిని చూసి చేసే అంచనా ఇది, తింటుండగా చూసి చెప్పే నిర్ధారణ కాదు. దంతాలున్న కొన్ని జాతులు చనిపోయిన జంతువుల కళేబరాలను కూడా తింటాయి. కాబట్టి పరీక్షలో రాసేటప్పుడు ‘ఈ నిర్మాణం ఈ ఆహారపు అలవాటును సూచిస్తుంది’ అని రాయడం సరైన పద్ధతి.

ఆస్యకుహరం తరవాత కండరయుతమైన గ్రసని ఉంటుంది. అడ్డుకోతలో దాని కుహరం మూడు కిరణాలుగా కనిపిస్తుంది; ఒక కిరణం ఉదర భాగం వైపు ఉంటుంది. కిరణాకార కండరాలు సంకోచించినప్పుడు కుహరం తెరుచుకుని ఆహారం లోపలికి వస్తుంది. అవి సడలినప్పుడు కుహరం మూసుకుని ఆహారం వెనక్కి నెట్టబడుతుంది. శరీరం లోపల పీడనం ఎక్కువగా ఉండటం వల్ల ఇటువంటి పంపు లేకుండా పేగులోకి ఆహారం చేరలేదు. కొన్ని జాతుల్లో గ్రసని చివర గుండ్రని ఉబ్బు ఉంటుంది. గ్రసనికి, పేగుకు మధ్య కార్డియా అనే కవాటం వెనక్కి రాకుండా అడ్డుపడుతుంది. ఆంత్రం ఒకే కణస్తరంతో ఏర్పడిన నాళం. స్త్రీ జీవుల్లో అది పాయువు ద్వారా, పురుష జీవుల్లో ప్రత్యుత్పత్తి నాళంతో కలిసి అవస్కరం ద్వారా బయటికి తెరుచుకుంటుంది.

ఆస్టోమోనిమా ప్రజాతిలో పనిచేసే నోరు లేదు. శరీరం లోపల ఉండే సహజీవన బాక్టీరియాల నుంచే దానికి పోషణ లభిస్తుంది.

9.6 విసర్జన, పుచ్ఛగ్రంథులు

సముద్ర నిమటోడ్‌లలో జ్వాలాకణాలు గాని, ఆస్కారిస్‌లోని పొడవాటి నాళాలు గాని లేవు. గ్రసని వెనక భాగంలో ఉదరం వైపు ఒక పెద్ద గ్రంథికణం ఉంటుంది. దీన్ని ఉదరగ్రంథి లేదా రెనెట్ కణం అంటారు. ఇది శరీరం ముందుభాగంలో ఒక చిన్న రంధ్రం ద్వారా బయటికి తెరుచుకుంటుంది.

తోకలో సాధారణంగా మూడు పుచ్ఛగ్రంథులు ఉంటాయి. వీటి జిగురు స్రావం తోక చివర ఉన్న స్పిన్నరెట్ ద్వారా వెలువడుతుంది. అలల తాకిడికి కొట్టుకుపోకుండా జీవి తోకతో ఇసుకరేణువును పట్టుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. నేలలో, దేహాల్లో జీవించే పరాన్నజీవి బంధువుల్లో ఈ గ్రంథులు ఉండవు.

9.7 ప్రత్యుత్పత్తి

సాధారణంగా లింగభేదం ఉంటుంది. పురుష జీవిలో ఒకటి లేదా రెండు ముష్కాలు, అవస్కరంలో రెండు గట్టి స్పిక్యూల్‌లు, వాటికి ఆధారంగా గుబెర్నాక్యులం ఉంటాయి. అవస్కర రంధ్రానికి ముందు ఉదర భాగంలో ఒక వరసగా అనుబంధ అంగాలు కూడా ఉండవచ్చు. శుక్రకణాలకు కశాభం ఉండదు. అవి అమీబాలా కదులుతాయి.

స్త్రీ జీవిలో ఒకటి లేదా రెండు అండాశయాలు ఉంటాయి. అండాశయం తిన్నగా చాచి ఉందా, వెనక్కి మడిచి ఉందా అనేది వర్గీకరణలో ముఖ్యం. ఆంకోలైమిడే కుటుంబం స్త్రీ జీవుల్లో పేగుకు, గర్భాశయానికి సంబంధం కలిగించే ప్రత్యేక నాళవ్యవస్థ ఉంటుంది. దీన్ని కనుగొన్న డి మాన్ పేరుతో డిమానియన్ వ్యవస్థ అంటారు.

అభివృద్ధి ప్రత్యక్షం. గుడ్డు నుంచి వచ్చిన పిల్లజీవి పెద్దదాన్నే పోలి ఉంటుంది. నాలుగు పిల్లదశల తరవాత ప్రౌఢజీవి అవుతుంది. నీటిలో తేలిపోయే డింభకదశ లేదు. అందువల్ల ఒకచోట పుట్టిన నిమటోడ్ సాధారణంగా ఆ పరిసరాల్లోనే జీవిస్తుంది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, 9.10లో దీని ప్రాముఖ్యం తెలుస్తుంది.

9.8 కొలతలు: డి మాన్ నిష్పత్తులు

జాతుల వర్ణనలో డచ్ శాస్త్రజ్ఞుడు డి మాన్ ప్రవేశపెట్టిన నిష్పత్తులను వాడతారు.

ఎ = శరీరం పొడవు ÷ గరిష్ఠ వెడల్పు
బి = శరీరం పొడవు ÷ గ్రసని పొడవు
సి = శరీరం పొడవు ÷ తోక పొడవు
వి = తల నుంచి స్త్రీ జననరంధ్రం వరకు దూరం × 100 ÷ శరీరం పొడవు

ఉదాహరణ: ఒక స్త్రీ జీవి పొడవు 2000 మైక్రాన్‌లు, గరిష్ఠ వెడల్పు 50, గ్రసని 400, తోక 200 మైక్రాన్‌లు. తల నుంచి జననరంధ్రానికి దూరం 1100 మైక్రాన్‌లు అనుకుందాం. అప్పుడు ఎ = 40, బి = 5, సి = 10, వి = 55 శాతం. ‘ఎ’ విలువ పెరిగేకొద్దీ జీవి సన్నగా ఉన్నట్లు. ‘సి’ విలువ పెరిగేకొద్దీ శరీరంతో పోలిస్తే తోక పొట్టిగా ఉన్నట్లు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. ఒక నిమటోడ్‌లో పెద్ద ఆస్యకుహరం ఉంది, దంతాలు లేవు. వీజర్ పద్ధతిలో అది ఏ సమూహం?
4. పొడవు 1500 మైక్రాన్‌లు, తోక 100 మైక్రాన్‌లు అయితే ‘సి’ విలువ ఎంత?

9.9 వర్గీకరణ

9.9.1 పాత పద్ధతి

చిట్‌వుడ్ 1930లలో నిమటోడ్‌లను రెండు విభాగాలు చేశాడు. తోక ప్రాంతంలో ఫాస్మిడ్‌లు అనే జ్ఞానాంగాలు ఉన్నవి ఫాస్మిడియా, లేనివి ఎఫాస్మిడియా. తరవాత వీటికే సెసర్నెంటియా, అడినోఫోరియా అనే పేర్లు స్థిరపడ్డాయి. సముద్ర నిమటోడ్‌లు దాదాపు అన్నీ అడినోఫోరియాలోకి వచ్చాయి. ఆస్కారిస్, కొంకిపురుగు, ఉకరేరియా సెసర్నెంటియాలోకి వచ్చాయి. చాలా పాఠ్యగ్రంథాల్లో ఇప్పటికీ ఈ విభజనే కనిపిస్తుంది.

9.9.2 లోపం ఎక్కడుంది?

ఒక లక్షణం ‘లేకపోవడం’ ఆధారంగా చేసిన సమూహం నిజంగా ఒకే వంశానికి చెందిందని చెప్పలేం. వెన్నెముక లేని జంతువులన్నిటినీ అకశేరుకాలు అంటాం గాని, వానపాము, నక్షత్రచేప దగ్గరి బంధువులని అనం కదా! జర్మన్ శాస్త్రజ్ఞుడు లోరెన్‌జెన్ 1981లో సముద్ర నిమటోడ్‌ల లక్షణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి ఇదే విషయాన్ని చూపాడు. అడినోఫోరియాను కలిపి ఉంచుతున్నవి పూర్వీకుల నుంచి వచ్చిన ఆదిమ లక్షణాలే గాని, ఆ సమూహంలో మాత్రమే కొత్తగా ఏర్పడిన లక్షణం ఒక్కటీ లేదని తేలింది.

1998లో బ్లాక్స్‌టర్, సహపరిశోధకులు రైబోసోమల్ డీఎన్ఏ క్రమాలను పోల్చి దీన్ని బలపరిచారు. సెసర్నెంటియా అనేది అడినోఫోరియాకు సమానస్థాయి సమూహం కాదు. అడినోఫోరియాలోని ఒక శాఖ నుంచే అది పుట్టింది. అంటే ఆస్కారిస్‌కు క్రోమడోరాతో ఉన్న బంధుత్వం, క్రోమడోరాకు ఎనోప్లస్‌తో ఉన్న బంధుత్వం కంటే దగ్గరిది. పైకి ఒకేలా కనిపించే రెండు సముద్ర జీవుల కంటే, ఒక సముద్ర జీవి, ఒక పేగు పరాన్నజీవి దగ్గరి బంధువులు కావడం గమనించదగిన విషయం. పరాన్నజీవనం కూడా ఒక్కసారి కాదు, వేర్వేరు శాఖల్లో విడివిడిగా ఏర్పడింది.

9.9.3 ప్రస్తుత పద్ధతి

డి లే, బ్లాక్స్‌టర్ 2002, 2004లలో ప్రతిపాదించిన పద్ధతిలో వర్గం నిమటోడాలో రెండు విభాగాలు ఉన్నాయి: ఎనోప్లియా విభాగం, క్రోమడోరియా విభాగం. సముద్రంలో కనిపించే ముఖ్య క్రమాలు ఇవి.

ఎనోప్లియా విభాగం
• ఎనోప్లిడా: ఆంఫిడ్ సాధారణంగా జేబు ఆకారం; అవభాసిని ఎక్కువగా నునుపు; మెటానీమ్‌లు ఉంటాయి. ఉదా: ఎనోప్లస్, ఆంకోలైమస్. హలలైమస్‌లో ఆంఫిడ్ పొడవాటి చీలికలా ఉంటుంది.

క్రోమడోరియా విభాగం
• క్రోమడోరిడా: అవభాసిని మీద వలయాలు, చుక్కలు, నోటి ద్వారం వద్ద 12 మడతలు, సాధారణంగా పృష్ఠ దంతం, అండాశయాలు మడిచి ఉంటాయి. ఉదా: క్రోమడోరా.
• డెస్మడోరిడా: స్పష్టమైన వలయాలు, సాధారణంగా చుక్కలు ఉండవు, చాలా జాతుల్లో తల చుట్టూ గట్టి తొడుగు, ఆంఫిడ్ సర్పిలం లేదా ఉచ్చు ఆకారం. ఉదా: డెస్మడోరా, డ్రాకోనిమా.
• డెస్మోస్కోలెసిడా: పొట్టి శరీరం, రేణువులు అంటిన మందమైన వలయాలు. ఉదా: డెస్మోస్కోలెక్స్.
• మాన్‌హిస్టెరిడా: ఆంఫిడ్ వృత్తాకారం, అండాశయం తిన్నగా చాచి ఉంటుంది, చాలా జాతుల్లో ఒకటే. ఉదా: డాప్టోనిమా, థెరిస్టస్.
• అరియోలైమిడా: ఆంఫిడ్ సర్పిలం లేదా ఉచ్చు ఆకారం, అండాశయాలు చాచి ఉంటాయి. ఉదా: సబాటియేరియా, ఆక్సోనోలైమస్.
• రాబ్డిటిడా: పాత సెసర్నెంటియా జీవులు ఇందులోకి వస్తాయి. సముద్రంలో కుళ్లే నాచు మీద కొన్ని జాతులు మాత్రమే ఉంటాయి. ఆస్కారిస్, ఉకరేరియా కూడా ఈ క్రమానివే.

9.9.4 ఒక నమూనాను గుర్తించడం

సూక్ష్మదర్శిని కింద ఒక స్త్రీ జీవి ఉందనుకుందాం. అవభాసిని మీద వలయాలు ఉన్నాయి, చుక్కలు లేవు. ఆంఫిడ్ వృత్తాకారం. ఇక్కడికే ఎనోప్లిడా కాకపోవచ్చని తెలుస్తుంది. ఆస్యకుహరం శంఖువు ఆకారంలో, దంతాలు లేకుండా ఉంది. అండాశయం ఒకటే, తిన్నగా ముందుకు చాచి ఉంది. ఈ లక్షణాలన్నీ మాన్‌హిస్టెరిడాను సూచిస్తాయి. తోక చివర పొడవాటి శూకాలు ఉంటే డాప్టోనిమా, లేకపోతే థెరిస్టస్ కావచ్చు. జాతి స్థాయికి వెళ్లాలంటే పురుష జీవి స్పిక్యూల్‌లను కూడా చూడాలి. ఏ ఒక్క లక్షణంతోనూ నిర్ణయానికి రాకుండా, కనీసం మూడు లక్షణాలు ఒకే దిశను చూపుతున్నాయో లేదో చూసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
5. అడినోఫోరియాను సహజ సమూహం కాదని ఎందుకు అంటారు?

9.10 గుర్తింపు ఎందుకు అవసరం?

సముద్రంలోకి వ్యర్థాలు చేరినప్పుడు చేపలు ఈదిపోతాయి. పెద్ద అకశేరుకాలు చనిపోవచ్చు. నిమటోడ్‌లు ఉన్నచోటనే ఉంటాయి. వాటికి తేలిపోయే డింభకదశ లేదని 9.7లో చదివారు. పైగా కొద్దిపాటి బురదలోనే వందల సంఖ్యలో దొరుకుతాయి. అందువల్ల ఒక ప్రదేశం స్థితిని తెలపడానికి ఇవి మంచి సాక్షులు.

1981లో రఫేలీ, మేసన్ ఒక తేలిక పద్ధతిని సూచించారు. ఆక్సిజన్ తగ్గితే కోపిపాడ్‌లు త్వరగా తగ్గిపోతాయి, నిమటోడ్‌లు తట్టుకుంటాయి. కాబట్టి నిమటోడ్, కోపిపాడ్‌ల నిష్పత్తి పెరిగితే కాలుష్యం ఉన్నట్లు భావించవచ్చు. లెక్కపెట్టడమే గాని గుర్తించనక్కరలేదు. కాని ఈ పద్ధతికి అభ్యంతరాలు వచ్చాయి. కాలుష్యం లేని మెత్తని బురదలోనూ సహజంగానే నిమటోడ్‌లు ఎక్కువ, కోపిపాడ్‌లు తక్కువ. అంటే కేవలం లెక్కను నమ్మితే శుభ్రమైన బురదను కలుషితమని పొరబడవచ్చు.

కాబట్టి ఎన్ని ఉన్నాయి అనే ప్రశ్నతో పాటు ఏవి ఉన్నాయి అనేది తెలియాలి. సేంద్రియ పదార్థం ఎక్కువై ఆక్సిజన్ తగ్గిన బురదలో సబాటియేరియా, టెర్షెల్లింజియా వంటివి ఆధిక్యం చూపుతాయి. బాంగర్స్ 1990లో రూపొందించిన పరిపక్వతా సూచికలో, త్వరగా పెరిగి చెదిరిన చోట్లను ఆక్రమించే వాటికి 1, నెమ్మదిగా పెరిగి స్థిరమైన చోట్ల మాత్రమే నిలిచే వాటికి 5 చొప్పున విలువలు ఇస్తారు. మొదట నేల నిమటోడ్‌ల కోసం చేసిన ఈ సూచికను తరవాత సముద్ర జాతులకూ వర్తింపజేశారు. ప్రజాతి పేరు తప్పుగా గుర్తిస్తే విలువ తప్పుతుంది, దానితో తీర్పూ తప్పుతుంది. ఆంఫిడ్ ఆకారాన్ని జాగ్రత్తగా చూడమని చెప్పడానికి కారణం ఇదే.

ప్రయోగ సూచన: సముద్రతీరానికి వెళ్లే అవకాశం ఉంటే తడి ఇసుక ఒక గుప్పెడు సీసాలో తీసుకోండి. సముద్రపు నీరు పోసి బాగా కలిపి, ఇసుక అడుగుకు చేరిన వెంటనే పైనీటిని సన్నని నైలాన్ గుడ్డలో వడకట్టండి. గుడ్డ మీద మిగిలినదాన్ని కొద్దిగా సముద్రపు నీటిలోకి కడిగి, సూక్ష్మదర్శిని తక్కువ వృద్ధీకరణలో చూడండి. కొట్టుకుంటూ కనిపించే సన్నని తెల్లని దారాలే నిమటోడ్‌లు. వాటిని మీ రికార్డు పుస్తకంలో గీయండి.

9.11 సారాంశం

సముద్ర నిమటోడ్‌లు సూక్ష్మమైన, స్వేచ్ఛగా జీవించే, సంఖ్యలో అత్యధికమైన అడుగు జంతువులు. ఆయత కండరాలు మాత్రమే ఉండటం, మూడు కిరణాల గ్రసని, 6+6+4 జ్ఞానాంగాలు, పెద్ద ఆంఫిడ్‌లు, ఉదరగ్రంథి, పుచ్ఛగ్రంథులు వీటి ముఖ్య లక్షణాలు. ఫాస్మిడ్‌ల ఆధారంగా చేసిన పాత విభజన స్థానంలో ఎనోప్లియా, క్రోమడోరియా అనే రెండు విభాగాలు వచ్చాయి. ఆస్కారిస్ వంటి పరాన్నజీవులు క్రోమడోరియాలో ఒక శాఖ. నిమటోడా వర్గానికి ఆస్కారిస్ ఒక ఉదాహరణ మాత్రమే గాని, ప్రతిరూపం కాదు.

9.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. వలయ కండరాలు లేవు, అవభాసిని సాగదు. అందువల్ల పృష్ఠ–ఉదర తలంలో వంగుతూ మాత్రమే కదులుతుంది.
2. లోపలి వలయంలో 6 అంగాలు; బయటి పెదవుల అంగాలు 6, శీర్ష శూకాలు 4 కలిసి ఒకే వలయంలో 10.
3. 1బి – ఎంపిక లేని నిక్షేపభక్షకం.
4. 15.
5. దాన్ని కలిపి ఉంచేవి ఆదిమ లక్షణాలు, ఫాస్మిడ్‌లు లేకపోవడం మాత్రమే. సెసర్నెంటియా దానిలోని ఒక శాఖ నుంచే పుట్టింది.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. సముద్ర నిమటోడ్ నిర్మాణాన్ని ఆస్కారిస్‌తో పోల్చి వివరించండి.
2. నిమటోడా వర్గీకరణలో వచ్చిన మార్పులను కారణాలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. వీజర్ ఆహార సమూహాలు
2. ఆంఫిడ్‌లు
3. డి మాన్ నిష్పత్తులు
4. నిమటోడ్–కోపిపాడ్ నిష్పత్తి, దాని పరిమితులు